ఉప్పెన తరువాతి మనసు: కౌన్సెలింగ్, సైకోథెరపీ

పామిడిముక్కల నుండి దక్షిణంగా సముద్రం వైపు సాగితే దివిసీమ వస్తుంది. 1977 నవంబరు 19న తుపానుతో వచ్చిన ఉప్పెన ఆ తీరగ్రామాలను ముంచెత్తి, కృష్ణా డెల్టాలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. బ్రతికినవారికి తిండి, బట్ట, మందు అందించడమే నాటి సహాయచర్యల ప్రధాన లక్ష్యం. మనసుకు తగిలిన గాయానికి మాత్రం అయినవారి ఓదార్పే చాలావరకు దిక్కయింది.

ఆ గాయానికి వైద్యశాస్త్రంలో స్థిరమైన పేరు కూడా అప్పటికి లేదు. విపత్తు గడిచినా వీడని పీడకలలను, ఉలికిపాటును, మళ్లీ మళ్లీ కళ్లముందు కదలాడే దృశ్యాలను ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’గా అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ వర్గీకరణలో చేర్చినది 1980లోనే.

మాటలతో మనసును కుదుటపరచే పద్ధతులు అంతకు చాలా ముందే రెండు వేర్వేరు చోట్ల పుట్టాయి. 1895లో వియన్నా వైద్యులు బ్రూయర్, ఫ్రాయిడ్ హిస్టీరియాపై వెలువరించిన గ్రంథం సైకోథెరపీ చరిత్రలో ఒక మైలురాయి. అది వైద్యుని గదిలో, రోగం చుట్టూ పెరిగిన విద్య. కౌన్సెలింగ్‌కు మూలం 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ నెలకొల్పిన వృత్తి మార్గదర్శక కేంద్రంలో కనిపిస్తుంది. అక్కడికి వచ్చినవారు రోగులు కారు; ఏ దారి పట్టాలో తేల్చుకోలేని యువకులు. 1942లో కార్ల్ రోజర్స్ తన గ్రంథానికి రెండు పేర్లనూ కలిపి పెట్టి వాటి మధ్య దూరాన్ని తగ్గించాడు.

ఉప్పెననే ఉదాహరణగా తీసుకుందాం. భర్తను పోగొట్టుకున్న స్త్రీ పాత ఊరికి తిరిగి వెళ్లాలా, పిల్లల చదువు ఎట్లా అని సతమతమవుతుంటే ఆమెకు కావలసినది కౌన్సెలింగ్. ఎదుట ఉన్న సమస్యను విడమరచి, తన నిర్ణయం తానే తీసుకొనేటట్లు కొద్ది సమావేశాలలో తోడ్పడుతుంది. ఏళ్లు గడిచినా గాలివాన చప్పుడుకే వణికిపోయే వ్యక్తికి సైకోథెరపీ అవసరం. శిక్షణ పొందిన నిపుణులు వారాలు, నెలల పాటు ఆ జ్ఞాపకాలపై, వాటిని అంటిపెట్టుకొన్న ఆలోచనలపై పనిచేస్తారు. అవసరమైతే మానసిక వైద్యులు మందులూ ఇస్తారు.

ఇందులో ఎక్కువ తక్కువలు లేవు, అవసరాలే వేరు. విపత్తు జరిగిన వెంటనే బాధితుల చేత బలవంతంగా అంతా చెప్పించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నాటి మార్గదర్శిని హెచ్చరించింది. నెల దాటినా నిద్ర, పని కుదుటపడకపోతే ఓదార్పుతో సరిపెట్టుకోక నిపుణులను కలవాలి. చనిపోవాలన్న తలంపు వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. 2022లో మొదలైన టెలి మానస్ సహాయం 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే లభిస్తుంది.