ఇంట పోతపోయు పాచికలు

పాచిక యనగానే మనవారికి మొదట జూదము జ్ఞప్తికి వచ్చును. నలుడు రాజ్యమును గోలుపోవుటయు, ధర్మరాజు తమ్ములను, భార్యను పణముగా నొడ్డుటయు చిన్ననాటినుండి విన్నవారము. మన భాషలో 'పాచిక పాఱినది' యన్నచో నొకని కుతంత్రము ఫలించినదని యర్థము. ఈ యేవగింపు నిష్కారణము కాదు. కాని పాచిక వేఱు, పణము వేఱు. పణమును విడిచిన పాచిక త్రాసువంటిది; ఫలమును ఏ యొక్కని యిష్టమునకును వదలక యందఱకును సమముగా బంచు పనిముట్టు. త్రాసు సరిగా నుండవలెనన్న దానిని చేసినవాని చేయి సరిగా నుండవలెను. ఈ సంగతిని గ్రహించుటకు మనుష్యజాతికి వేల యేండ్లు పట్టినది. నేడు పెక్కు దేశములలో యువజనులు తమ యాటలకు వలయు పాచికలను ఇంటనే పోతపోసికొనుచున్నారు గనుక, ఆ చరిత్రను సంగ్రహముగా వివరింప దలచితిమి.

సింధునదీ ప్రాంతపు ప్రాచీనులు కాల్చిన మట్టితో ఆరు ముఖముల పాచికలను చేసిరి. 1922లో ప్రారంభమైన మొహెంజొదారో త్రవ్వకములందు ఇట్టివి దొరకినవి. వానిలో 1కి ఎదుట 2, 3కి ఎదుట 4, 5కి ఎదుట 6 ఉన్నవి. నేటి పాచికలలోనో, ఎదురెదురు ముఖములను గూడినచో 7 వచ్చును. వేదకాలపు జూదరులు పాచికలను చేయనే లేదు; చెట్టుక్రింద నేరుకొనిరి. ఋగ్వేదము 10వ మండలములోని 34వ సూక్తము జూదరి పరితాపమును దెలుపును. అందలి యక్షములు విభీతక వృక్షపు కాయలు. త్రిఫలములలో నొకటియగు తానికాయయే యది. ఈజిప్టు దేశమున గ్రీకు రాజుల కాలమునుండి యిరువది ముఖముల రాతిపాచికలు కూడ నుండెను. వానిపై గ్రీకు అక్షరములు చెక్కబడినవి. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో నిట్టి దానిని నేటికిని జూడవచ్చును.

ఇన్ని చేసినను ప్రాచీనులు పాచిక సమముగా నున్నదా యని అంతగా విచారింపలేదు. నెదర్లాండ్సులో దొరకిన నూటికి మించిన పాచికలను పరిశోధకులు కొలిచి, 2017లో తమ నిర్ణయములను ప్రకటించిరి. రోమనుల కాలపు పాచికలు పెక్కులు ఒకవైపు సాగి యుండెను. సుమారు 1450 తరువాతి పాచికలు సమాకారమును బొందెను. పూర్వులు ఫలమును దైవమునకో విధికో వదలిరనియు, తరువాతివారు దానిని ఆకారముతో ముడిపడిన విషయముగా నెంచసాగిరనియు వారి యూహ. ఈ యూహ మాకును యుక్తముగా దోచుచున్నది. దైవమే ముఖమును నిర్ణయించునని నమ్మినవానికి అంచు వంకరయైన నేమి? పదునాఱవ శతాబ్దమున ఇటలీ వైద్యుడు కార్డానో పాచికల లెక్కలపై వ్రాసిన గ్రంథము 1663లో అచ్చుపడెను. ఈలోగా 1654లో పాస్కల్, ఫెర్మాయను ఫ్రెంచి పండితులు పరస్పరము లేఖలు వ్రాసికొని సంభావ్యతా శాస్త్రమునకు పునాది వేసిరి. పాచిక సమముగా నుండినగాని యా లెక్కలేవియు సరిపడవు.

ఈ లెక్క మన యిండ్లకు క్రొత్తది కాదు. అష్టాచెమ్మా యాటకు గవ్వలు లేనపుడు మన స్త్రీలు, పిల్లలు చింతగింజలను రాతిపై నరగదీసి, ఒక ప్రక్క తెల్లగా, ఒక ప్రక్క నల్లగా చేసికొనుచుందురు. ఇంటి పాచిక లన నివియే. నాలుగు గింజలును సమముగా బడునవైనచో మొత్తము 16 విధములుగా బడవచ్చును. రెండు తెలుపు, రెండు నలుపు పడుట యందు 6 విధములు. నాలుగును తెల్లగా బడుట యొక్క విధము. నాలుగును నల్లగా బడుటయు నొక్క విధమే. అష్టాయు చెమ్మాయు అరుదుగా వచ్చుటకు కారణ మిదియే. గింజను మితిమీరి యరగదీసినచో లెక్క మాఱును. అనగా న్యాయమంతయు అరగదీసిన వారి చేతిలో నున్నది.

ఇక నేటి పోతపాచికల మాట. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమునుండి గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రొత్త యాటను ప్రకటించిరి. నలుగురైదుగురు బల్లచుట్టు గూర్చుందురు. ఒకడు కథ నడుపును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర యేమి చేయునో చెప్పుచుందురు. కోటగోడ నెక్కగలడా, శత్రువు నోడింపగలడా యని సందేహము గలిగినపుడు పాచిక తీర్పు చెప్పును. ఇందు పణము లేదు. గెలిచినవాడు పరుని సొమ్ము పట్టుకొని పోడు. ఈ యాటకు 4, 6, 8, 12, 20 ముఖములు గల పాచికలు కావలెను. పిమ్మట 10 ముఖములదియు చేరెను. మొదటి పాచికలు మెత్తని ప్లాస్టిక్కువి యగుటచే త్వరలోనే అంచులరిగి గుండ్రనయ్యెడివి. 1979లో పాచికలు చాలక, ఆట పెట్టెలలో అంకెల చీట్లను పెట్టి యమ్మవలసివచ్చెను. లూ జాకీ యను వర్తకుడు గట్టి ప్లాస్టిక్కుతో వాడి యంచుల పాచికలు చేయించి, యంత్రములో దొర్లించి నునుపుచేసిన పాచికలు సమత్వమును గోల్పోవునని వాదించెను.

ఇంట పోతపోయువారి పద్ధతి మన కంచరుల పనిని దలపించును. ముందుగా చక్కగా మెఱుగుపెట్టిన యొక మాతృపాచికను సిద్ధపఱతురు. దానిచుట్టు సిలికోన్ ద్రవమును బోసి, గట్టిపడిన తరువాత పాచికను దీసివేయగా నచ్చు మిగులును. రెండు పాళ్ల ఎపాక్సీ రెసిన్‌ను చెప్పిన తూకము ప్రకారము మెల్లగా గలిపి, రంగు చేర్చి యచ్చులో బోయుదురు. పీడనపాత్రలో చదరపుటంగుళమునకు సుమారు 40 పౌనుల యొత్తిడిలో నుంచినచో లోని గాలిబుడగలు కంటికి కనబడనంతగా నణగిపోవును. ఒకటి రెండు దినములకు పాచిక గట్టిపడును. అటుపిమ్మట గరుకుకాగితముతో నునుపుచేసి అంకెల గుంటలలో రంగు నింపుదురు.

ఇందు దోషము ప్రవేశించుటకు త్రోవలు మూడు. బుడగ నిలిచినచో నా ప్రక్క తేలికయగును. అచ్చుమూత సరిగా కూర్చుండనిచో నొక ముఖము ఉబ్బును. నునుపుచేయుటలో నొక ముఖమును ఎక్కువగా రుద్దినచో నది పల్చబడును. ఉప్పునీట తేల్చి త్రిప్పినపుడు ఒకే ముఖము మాటిమాటికి పైకివచ్చినచో బరువు సమముగా లేదని తెలియును. కాని యాకారదోషమును నీరు చెప్పజాలదు. ఎదురెదురు ముఖముల దూరమును కాలిపరుతో గొలువవలెను. ఇరువది ముఖముల పాచికను 2000 మాఱులు వేసినచో ఒక్కొక్క ముఖము సుమారు 100 మాఱులు పడవలెను. పదియో యిరువదియో హెచ్చుతగ్గులైన సహజమే. ఏ ముఖమైనను 150 మాఱులు పడినచో నా పాచికను నమ్మరాదు.

గృహస్థులకు మఱియొక మాట. గట్టిపడని రెసిన్ చర్మమునకు దగిలినచో తీవ్రమైన యెలర్జీ గలుగవచ్చును. ఒకసారి గలిగినచో నది జీవితాంతము విడువకపోవచ్చును. కాబట్టి నైట్రైల్ చేతితొడుగులు, గాలి బాగుగా ఆడు చోటు తప్పనిసరి. వంటయింట ఈ పని పనికిరాదు. వాడిన గిన్నెలను మరల వంటకు దేరాదు. ధూళి లేవకుండ తడిపియే నునుపుచేయవలెను. పీడనపాత్రను దాని హద్దు మీఱి నింపరాదు.

తమ యింటి బిడ్డలు పాచికలు చేయుచున్నారని విని బెదరిపోవు పెద్దలకు మేము చెప్పునది యిదియే. పణమును నిషేధింపుడు, పాచికను నిషేధింపకుడు. మెఱుపులతో, పూలరేకులతో తన చేతులార చేసిన యందమైన పాచికను, కొలతలో దోషము గనబడినదని ఆటనుండి తొలగించుట పదునాఱేండ్ల పిల్లకు సులభము కాదు. ఎవరును చూడని యా దోషమును తానే యెఱిగి దానిని ప్రక్కన బెట్టు బిడ్డ రేపు తన చేతికి త్రాసు వచ్చినపుడు తప్పు తూచదు.