పైన పటారం, లోన లొటారం: పాత కార్ల తుప్పు కథ

మోటారు కార్ల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఇంజను గురించి, వేగం గురించి, పందేలలో గెలుపోటముల గురించి వ్రాస్తారు. రేకును గురించి వ్రాసేవారు అరుదు. కాని కారు ఆయుర్దాయాన్ని నిర్ణయించేది ఆ రేకేనని నా అభిప్రాయం. ఇంజను చెడితే విప్పి బాగుచేసుకోవచ్చు, లేదా మరొకటి తెచ్చి బిగించుకోవచ్చు. రేకును తుప్పు తినివేస్తే, బిగించడానికి ఆధారమే మిగలదు. అందుకే ఈ టపాలో తుప్పును గురించి, దానితో పోరాడిన అతుకుపనిని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

తొలినాటి కారు నిర్మాణంలో మన ఎడ్లబండిని పోలినదే. అడుగున ఛాసిస్ అనే బలమైన ఉక్కు చట్రం, దానిమీద కర్రతో కట్టి రేకు తొడిగిన గూడు. బరువంతా మోసేది ఛాసిస్. పైరేకుకు చిల్లు పడితే అందం చెడేది గాని బండి కూలిపోయేది కాదు. ఆ రోజుల్లో తుప్పు చాలవరకు చర్మవ్యాధి.

1922లో ఇటలీలో వెలువడిన లాంచియా లాంబ్డా, 1934లో ఫ్రాన్సులో వెలువడిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంత్ ఈ పద్ధతికి స్వస్తి చెప్పాయి. వేరుగా ఛాసిస్ లేకుండా, పలుచని ఉక్కురేకులను మడిచి, పెట్టెలుగా అతికి, ఆ గూడే బరువు మోసేటట్లు చేశారు. దీనికే మోనోకాక్ అని పేరు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ పద్ధతి విస్తరించింది. మనకు చిరపరిచితమైన అంబాసిడర్ కూడా ఈ కోవలోనిదే. 1956లో బ్రిటన్‌లో విడుదలైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణికి అది భారతీయ రూపం. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైంది. కారు తేలికైంది, చౌకైంది. దానితోపాటే తుప్పు ఎముకల వ్యాధిగా మారింది.

ఈ వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఎం.జి.బి. అనే బ్రిటిష్ కారు చక్కని ఉదాహరణ. 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన కారిది. తలుపుల కింద ఉండే పట్టీని అక్కడ సిల్ అంటారు. మనం గడప అనుకోవచ్చు. బయటకు అది ఒక్క రేకులాగే కనిపిస్తుంది. నిజానికి లోపల, నడుమ, వెలుపల మూడు పొరలు, వాటి అడుగున మరొక పెట్టె ఉంటాయి. పైకప్పు లేని రకంలో బండి నడుమ వంగిపోకుండా ఆపే భారం ముఖ్యంగా ఈ గడపలదే. చలికాలంలో ఆ దేశపు రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు, బురద పెట్టెలలోకి చేరి నిలిచిపోతాయి. తుప్పు లోపల మొదలై బయటకు వస్తుంది. రంగుమీద చిన్న పొక్కు కనిపించేనాటికి లోపల చెదపట్టిన దూలమే.

ఇక్కడే మోసానికి తావు ఏర్పడింది. కుళ్ళిన గడపమీదే కొత్తరేకు కప్పడం, చిల్లులలో గాజునార కూరి పుట్టీ మెత్తి, నున్నగా రుద్ది, రంగు కొట్టి అమ్మివేయడం. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. బ్రిటన్‌లో పాత కార్లకు 1960లో మొదలైన తప్పనిసరి పరీక్షలో గూడు దృఢత్వాన్ని 1977లో చేర్చారు. విచిత్రమేమిటంటే, మోనోకాక్‌కు దారి చూపిన లాంచియాయే తుప్పు దెబ్బ తిన్నది. 1980లో ఆ సంస్థవారి బీటా కార్లలో ఇంజను భారాన్ని మోసే అడుగుచట్రం బిగించిన చోటనే తుప్పు పట్టిందని బ్రిటిష్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. సంస్థ ఎన్నో కార్లను తిరిగి కొనవలసివచ్చింది. 1994లో ఆ దేశపు విపణినుంచే తప్పుకొన్నది.

మరి నిజమైన మరమ్మత్తు ఏది? ముందుగా తలుపు సందుకు అడ్డంగా ఇనుపకడ్డీలు అతికి గూడు కదలకుండా నిలపాలి. ఆ జాగ్రత్త లేకుండా గడప కోస్తే బండి వంగి, ఆపైన తలుపులు పడవు. తరువాత మెరిసే మంచి లోహం కనిపించేదాకా కోసివేయాలి; తుప్పురేకుమీద అతుకు నిలవదు. 1903లో ఫూషే, పికార్ అనే ఫ్రెంచివారు రూపొందించిన ఆక్సిజన్, ఎసిటిలీన్ మంట మూడువేల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి చుట్టుపక్కల రేకంతా ముడతలు పడుతుంది. దానిని సుత్తితో కొట్టి సరిచేయడం ఒక విద్య. 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో రూపొందిన మిగ్ వెల్డింగ్, 1950ల చివరకు పలుచని రేకులకూ పనికివచ్చేటట్లు మెరుగుపడింది. తీగ తనంత తానే ముందుకు వస్తుంది. చిన్నచిన్న కుట్లుగా, చోటు మార్చి మార్చి వేస్తే రేకు వంకర పోదు. చివరకు లోపలి పెట్టెలలోకి మైనం చిమ్మాలి. అది మరచినవాడు మరల అదే పనికి రావలసిందే.

బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో పాత అచ్చులనే వెదకి తెచ్చి, ఎం.జి.బి. గూళ్ళను సరికొత్తగా చేయడం ప్రారంభించింది. గూడంతా మారిన కారు పాతకారేనా? నా మటుకు ప్రాణాలు మోసే బండి దృఢంగా ఉండడమే ముఖ్యం. అయినా బాగున్న రేకును బ్రతికించి, కుళ్ళినంత మేరకే మార్చిన పనిలో పాతదనం మిగులుతుంది.

మన ఊళ్ళ టింకరింగ్ షెడ్లలో కార్బైడ్ గడ్డలు డ్రమ్ములో వేసి, నీటితో గ్యాసు పుట్టించి అంబాసిడర్లను అతికిన పనివారుండేవారు. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడే అది. వారి పనితనమంతా రంగు వెనుక, పెట్టెల లోపల దాగిపోయింది. చేసిన మోసమూ అక్కడే దాగుతుంది, చేసిన మేలూ అక్కడే దాగుతుంది. రెండింటికీ తేడా తెలిసినవాడు ఆ పనివాడొక్కడే. ఆ పనివారి పేర్లు ఏ మోటారు చరిత్రలోనూ లేవు. మీ ఊళ్ళలో అటువంటివారిని ఎరిగినవారుంటే నాలుగు వాక్యాలైనా వ్రాసి ఉంచమని మనవి.