పొలం అమ్మినా సమాధి అమ్ముడుపోదు

కొండవీటి కొండ కింద ఊళ్ళలో పెద్దల్ని సొంత పొలంలోనే పూడ్చి సమాధి కట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ పొలం చేతులు మారితే సమాధి నిలవడం చాలాసార్లు కొన్నవాడి మంచితనమే. టెక్సస్‌లో దానికి చట్టముంది.

డాలస్‌కు ఉత్తరాన ప్లేనోలోని లెగసీ ప్రాంతం తెలుగువాళ్ళకు బాగా తెలిసిన చోటు. ఆ ఆఫీసులు, హోటళ్ళు, దుకాణాల నడుమ పాత రాళ్ళతో చిన్న శ్మశానం కనిపిస్తుంది. పేరు బేకస్ సిమెటరీ.

దాని కథకు 1841 దాకా వెనక్కి వెళ్ళాలి. అప్పటికి టెక్సస్ ఇంకా స్వతంత్ర దేశం. భూమి బోలెడు, దున్నేవాళ్ళు కరువు. పీటర్స్ అనే వ్యక్తి బృందంతో ప్రభుత్వం ఒప్పందం రాసుకుంది: కుటుంబంతో వచ్చి స్థిరపడితే 640 ఎకరాలు, ఒంటరి మగవాడికి 320. పల్నాటి రైతు నమ్మలేని లెక్క ఇది. ఆ నేల ఖాళీది మాత్రం కాదు. కాడో, విచిటా జాతులు తిరిగిన నేల. బ్రిటన్‌తో అమెరికా చేసిన 1812 యుద్ధంలో పోరాడిన వర్జీనియావాసి హెన్రీ కుక్ 1840ల మధ్యలో ఇక్కడ భూమి సంపాదించాడు. 1847లో కొడుకు డేనియల్ పోతే, తన భూమిలోనే కొంత శ్మశానానికి విడిచాడు. తండ్రి తరవాత ఆ నేల బేకస్ ఇంటి కోడలైన కూతురు రేచల్‌కు వచ్చింది. 1878లో ఆమె దాన్ని చర్చికి, శ్మశానానికి రాసిచ్చింది. పేరు అలా అల్లుడింటిదైంది.

శ్మశానానికి కేటాయించిన నేలను మరో పనికి వాడకూడదని టెక్సస్ చట్టం. చుట్టూ ఎవరి స్థలమున్నా, చూడటానికి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాల్సిందే. ఇలాంటి కట్టుబాటు మన దగ్గరా రావాలి.

అయితే ఈ గౌరవం అందరికీ దక్కలేదు. ప్లేనో నుంచి డాలస్‌కు మనవాళ్ళు రోజూ కార్లు నడిపే సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వేను 1940ల్లో ఒక శ్మశానం మీదుగానే వేశారు. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారు 1869లో ఏర్పరచుకున్న ఫ్రీడ్‌మన్స్ సిమెటరీ అది. 1990ల్లో రోడ్డు వెడల్పు చేయబోతే సమాధుల సంగతి మళ్ళీ పైకొచ్చింది. పురావస్తు నిపుణులు 1,100 మందికి పైగా అవశేషాలను జాగ్రత్తగా తీసి, పక్కన తిరిగి పూడ్చారు. 1999లో స్మారకం వెలిసింది.

పిల్లల దగ్గరికి వచ్చే పల్నాటి అమ్మానాన్నలకు లెగసీ ఎలాగూ చూపిస్తారు. లెమన్ అవెన్యూ దగ్గర హైవే పక్కనే ఉన్న ఆ స్మారకాన్నీ తప్పక చూపించాలి.