కృష్ణా పశ్చిమ డెల్టాలో కుక్కల పెంపకం: ఊరకుక్క, జోనంగి, సీమకుక్క

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పల్లెల్లో కుక్క చేసే పని గొడ్లచావిడి దగ్గర, వరి కళ్లంలో, వీధి మొదట్లో ఉండేది. చీకటిపడ్డాక కొత్త మనిషి అడుగుపెడితే మొరగాలి, కుప్పల కింద పందికొక్కు కదిలితే తరమాలి, నూర్పిళ్లప్పుడు ధాన్యం రాశి దగ్గర రైతుతోపాటు రాత్రంతా మేలుకోవాలి. దీనికి ప్రతిఫలం ఇంత గంజి, అడుగంటిన మాడు, విస్తరిలో మిగిలిన ముద్ద. ఒక ఇంట తిని ఇంకో ఇంటి అరుగు కింద పడుకునే ఈ కుక్కకు మెడలో పట్టీ, గొలుసు ఉండేవి కావు. గుంటూరు–తెనాలి రైలు మార్గం మీద, కాలవ నీటి సాగులో ఉన్న సంగం జాగర్లమూడి వంటి ఊళ్లలో వరి, పాడి రెండూ ఉన్నాయి కనుక కాపలా కుక్క అవసరం ఎన్నడూ తీరలేదు. అయినా అది ఫలానా వారిదని చెప్పుకోవలసిన అవసరం మాత్రం చాలాకాలం ఎవరికీ రాలేదు. కరిచినప్పుడే ఆ ప్రశ్న వచ్చేది. అప్పుడు మాది కాదన్నవాళ్లే ఎక్కువ.

డెల్టా ఎప్పుడూ ఇలా వరిమయంగా లేదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తై కాలవలు పారాకే మెట్ట, బీడు, తుప్పల నేలలు మాగాణిగా మారాయి. ఆ మార్పుతో వేటకుక్కకు పని తగ్గి కాపలాకుక్కకు పెరిగింది. అంతకుముందు దక్షిణ దేశంలో కుక్కకు దక్కిన గౌరవం ప్రధానంగా వేటలోనే. అడవుల్లో వేటగాళ్లు కుక్కలతో తిరిగి కాపు కాయాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటలో, ధూర్జటి చెప్పిన తిన్నని కథలో కుక్కలు లేని వేట లేదు. నేటి కర్ణాటక మండ్య జిల్లాలోని ఆతకూరులో క్రీ.శ. 950 ప్రాంతపు శాసనం ఒకటి దొరికింది. పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిన కాళి అనే వేటకుక్కకు వేసిన వీరశిల అది. కుక్క, పంది పోరు బొమ్మ చెక్కి, ఆ రాతికి పూజ జరిగేలా భూమి కూడా ఇచ్చారు. మనుషుల్లో ఎందరికో దక్కని గౌరవం ఒక పెంపుడు కుక్కకు దక్కింది.

పురాణాల్లో కుక్క స్థానం ఇంత సూటిగా లేదు. మహాభారతానికి మొదట్లోనూ చివరా కుక్కే ఉంది. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్లు యాగం దగ్గరికి వచ్చిన సారమేయుడనే కుక్కను ఏ తప్పూ లేకుండా కొడతారు. దాని తల్లి సరమ రాజు దగ్గరికి వెళ్లి, అకారణంగా కొట్టినవారికి ఊహించని భయాలు కలుగుతాయని చెప్పి వెళుతుంది. రాజు ఆ మాటకు వణికి, శాంతి చేయించగల పురోహితుణ్ణి వెతుక్కుంటాడు. చివర్లో ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ఆ సందర్భంలో ఇంద్రుడు చెప్పే అభ్యంతరం గమనించదగింది: కుక్కలను పెంచేవారికి స్వర్గంలో చోటు లేదట. కుక్క చివరికి ధర్మదేవతగా తేలింది కనుక కథ సుఖాంతమైంది గాని, ఇంద్రుడి మాట ఆనాటి ఆచారవంతుల అభిప్రాయమే. కాలభైరవుడి వాహనంగా, దత్తాత్రేయుడి పాదాల దగ్గర నాలుగు వేదాలకు ప్రతీకగా కుక్కకు మొక్కిన చేతులే దాన్ని గడప దాటనివ్వలేదు.

తెనాలి పేరుతో ముడిపడిన చాటుకథ ఒకటి ఇంకో కోణం చూపుతుంది. క్షురకుణ్ణి బ్రాహ్మణుడిగా మార్చాలని రాయలు పురమాయిస్తే, రామలింగడు నది ఒడ్డున నల్లకుక్కను తోమి తెల్లగా చేయబోయాడని జనం చెప్పుకుంటారు. నవ్వు పుట్టించే ఈ కథలో కుక్క పుట్టుక మారదన్న వాదనకు సాక్ష్యం మాత్రమే. మనుషుల కులం గురించి ఉన్న నమ్మకాన్ని జంతువు ఒంటిమీద రుద్దడం ఇక్కడ కనిపిస్తుంది. కుక్కను సింహాసనం మీద కూర్చోబెట్టినా బుద్ధి మారదన్న శతక నీతిదీ అదే దారి. విచిత్రం ఏమంటే, పుట్టుకే అంతా అని ఇన్ని విధాల చెప్పిన సమాజం తన కళ్లెదుట ఉన్న కుక్కల పుట్టుకను మాత్రం పట్టించుకోలేదు.

ఆ పట్టింపులేనితనానికి బలైనది జోనంగి. ఉమ్మడి కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల తీరప్రాంతం ఈ కుక్కకు సొంత నేల. ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి నున్నని వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, సన్నగా బిగువుగా ఉండే ఒళ్లు దీని గుర్తులు. మామూలు కుక్కలా గట్టిగా మొరగడం కంటే రాగం తీసినట్టు కూత పెట్టడం దీని అలవాటు. ఇసుకనేలలో లోతుగా గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. తీరప్రాంతపు ఎండలో ఆ గొయ్యి చల్లదనం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఒకరిద్దరికే చేరువవుతుంది, మిగిలినవాళ్లకు లొంగదు. చిన్న జంతువుల వేటకు, కాపలాకు, అన్నిటికంటే ముఖ్యంగా కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు తోలడానికి దీన్ని పెంచారు.

బాతుల మంద తోలడం తేలిక పని కాదు. కోతలు అయ్యాక మళ్లలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు తినడానికి వందల బాతులను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిపించుకుపోతారు. దారిలో కాలవ గట్లు, రోడ్లు, ఊరకుక్కలు, నక్కలు అడ్డుపడతాయి. మందను చెదరనివ్వకుండా, పక్షిని కరవకుండా, వెనకబడినదాన్ని కలుపుతూ నడిచే కుక్కకు వేట బుద్ధి ఉండాలి, దాన్ని అణచుకునే అదుపూ ఉండాలి. గొర్రెల మందలు తోలే కుక్కల్లో పడమటి దేశాలవాళ్లు ఏ గుణాలకోసం తరాల తరబడి ఎంపిక చేశారో, ఆ గుణాలనే ఇక్కడి బాతులవాళ్లు కాగితం మీద గీత గీయకుండా సాధించారు. 1980ల తరువాత కొల్లేరులో చేపల చెరువులు పెరిగి, బాతుల మేత నేలలు తగ్గేసరికి ఆ పనీ తగ్గిపోయింది. 2006లో ప్రభుత్వం కొల్లేరులో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టినా బాతుల బతుకు పాత దారిలోకి రాలేదు. పని పోయిన కుక్క వీధిలోకి వచ్చి ఊరకుక్కలతో కలిసింది. రెండు మూడు తరాల్లో జోనంగి లక్షణాలు పలచబడటానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఇదే నేలలో పశువుల సంగతి వేరు. ఒంగోలు గిత్త మూపురం, గంగడోలు, కొమ్ము చూసి దాని వంశం చెప్పగల రైతులు ఈ డెల్టాలో తరతరాలుగా ఉన్నారు. ఆ జాతి బ్రెజిల్‌కు వెళ్లి నెలోర్ పేరుతో కోట్ల సంఖ్యకు పెరిగింది. గుంటూరు దగ్గర లాంలో దాని పరిరక్షణకు పరిశోధన కేంద్రమే ఉంది. పశువు పాలిస్తుంది, అరక లాగుతుంది, సంతలో ధర పలుకుతుంది. కుక్కకు సంత లేదు. ధర లేనిదానికి జాతి లెక్క కూడా లేకుండా పోయింది.

తెలుగువాళ్లు కుక్క జాతిని నిలబెట్టుకున్న చోటు లేకపోలేదు. అది ఆంధ్రలో కాదు, తమిళనాడులో ఉంది. విజయనగర కాలం తరువాత దక్షిణానికి వెళ్లి రాజపాళయంలో స్థిరపడిన తెలుగు రాజుల పేరు అక్కడి వేటకుక్కతో ముడిపడింది. పాలెగాళ్ల యుద్ధాల్లో ఈ కుక్కలు గుర్రాలమీదికి దూకాయని స్థానికులు చెబుతారు. తెల్లని ఒళ్లు, గులాబి రంగు ముక్కు గల కుక్కలనే మేలైనవిగా ఎంచడంతో వాటిలో చెవుడు ఎక్కువగా కనిపించింది. రంగుకోసం చేసిన ఎంపిక జంతువుకు చేసిన కీడుకు ఇది మంచి ఉదాహరణ. 2005లో తపాలా శాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్ వేటకుక్కలపైన, హిమాలయ గొర్రెలకాపరి కుక్కపైన బిళ్లలు విడుదల చేసింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దేశవాళీ జాతుల ప్రస్తావన వచ్చాక వాటికి గిరాకీ పెరిగింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్, ఆపైన హిమాచల్ గద్దీ కుక్కలను అధికారిక జాతులుగా నమోదు చేసింది. 2025 ఆరంభానికి అలా నమోదైన జాతుల్లో జోనంగి లేదు.

సీమకుక్కలు తెల్లదొరలతో వచ్చాయి. బంగళాలో, క్యాంపులో కలెక్టరు వెంట తిరిగిన కుక్కకు పేరుంది, నౌకరుంది, మాంసం భోజనముంది. జమీందార్ల ఇళ్లకు ఆ మోజు ముందుగా పాకింది. స్వాతంత్ర్యం తరువాత మిల్లుల ఆవరణల్లో, డాక్టర్ల ఇళ్లలో అల్సేషియన్ హోదాకు గుర్తైంది. గేటుకు ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డు కొన్నిచోట్ల కుక్క కంటే ముందే వచ్చింది. 1990లలో మధ్యతరగతి ఇళ్లలోకి తెల్లబొచ్చు పొమరేనియన్ చేరింది. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో కుర్రాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా అమ్ముడుపోయింది. చప్పిడి ముక్కు వల్ల ఊపిరి సరిగా ఆడని ఆ కుక్కకు డెల్టా ఉక్కపోత ఎండాకాలం నరకం. మంచుదేశాల సైబీరియన్ హస్కీని కొన్నవాళ్లు గదికి ఏసీ పెట్టించారు. ‘జాతికుక్క’ అంటే దూరం నుంచి తెచ్చినదనే అర్థం స్థిరపడింది. కొన్నవాళ్ల మోజు తీరాక బస్టాండు దగ్గర వదిలేసిన జాతికుక్కలూ ఊరకుక్కల్లో చేరాయి. వ్యాపారం కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లో ఆపింది. 2017లో కుక్కల పెంపకం, అమ్మకంపై నిబంధనలు తెచ్చింది.

కుక్కకు యజమాని ఎవరన్న ప్రశ్నను తప్పించుకోలేని స్థితికి తెచ్చింది మాత్రం రేబిస్. పిచ్చికుక్క విషం, నీటిని చూసి భయపడే లక్షణం సుశ్రుతుడికి తెలుసు. ఉమ్మెత్తతో చికిత్స చెప్పాడు. పల్లెల్లో పసరుమందు, వాతలు, గాయానికి సున్నం, పసుపు నడిచాయి. అవేవీ ప్రాణం నిలపలేదు. 1885 జూలై 6న పారిస్‌లో పాశ్చర్ టీకా మొదటిసారి మనిషికి పనిచేసింది. దక్షిణాదికి ఆ చికిత్స 1907లో నీలగిరిలోని కూనూరుకు వచ్చింది. తెనాలి తాలూకాలో పిచ్చికుక్క కరిచినవాడు బతకాలంటే మద్రాసు దాకా రైలు, అక్కణ్ణుంచి మేట్టుపాళయం, ఆపైన కొండ రైలు ఎక్కాలి. అన్ని రోజులు కూలి మానుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని వెళ్లగలిగినవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు. తరువాత సెంపుల్ అనే వైద్యుడు రూపొందించిన గొర్రె మెదడు టీకా జిల్లా ఆసుపత్రులకు చేరింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం తెలుగు పిల్లల్లో రెండు మూడు తరాలపాటు నిలిచింది. కుక్కంటే ఉన్న భయంలో సగం ఆ సూదులదే. ఒక్కోసారి నరాలను దెబ్బతీసే ఆ టీకా వాడకం దేశంలో 2004 డిసెంబరుతో ఆగింది. ఇప్పటిది చేతికి వేసే సూది. అంతకంటే ముందు గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడగడం ముఖ్యం.

పాడి ఊళ్లలో ఇంకో చిక్కుంది. పిచ్చికుక్క చావిట్లో గేదెను కరిస్తే ఆ గేదెకూ రేబిస్ వస్తుంది. దాని పాలు తాగిన ఇళ్లవాళ్లంతా ఆసుపత్రి ముందు వరుస కడతారు. మరిగిన పాలలో వైరస్ బతకదు కనుక వాటితో భయం లేదు. పితికేటప్పుడు గేదె చొంగ తగిలినవాళ్లు, పచ్చిపాలు తాగినవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. టీకా వేయని ఒక కుక్క ఊరి పాల డబ్బా దాకా వచ్చే దారి ఇది.

కుక్కలు పెరిగితే విషం పెట్టడం, ఉచ్చు వేయడం, కాల్చడం పురపాలికలకు, పంచాయతీలకు తెలిసిన మందు. 1926లో అహ్మదాబాద్‌లో ఒక మిల్లు యజమాని అరవై కుక్కలను చంపించినప్పుడు గాంధీ ‘యంగ్ ఇండియా’లో ఆ పనిని తప్పనలేదు. వీధికుక్కకు రొట్టె ముక్క విసిరి పుణ్యం వచ్చిందనుకోవడం దయ కాదని, పెంచేవాడు పూర్తిగా పెంచాలని ఆయన వాదం. దేశమంతా ఉత్తరాలతో విరుచుకుపడింది. ఆ చర్చలో ఊరకుక్క ఎవరి పూచీ అన్న ప్రశ్నను ఆయన అడిగినంత సూటిగా అప్పట్లో ఇంకెవరూ అడగలేదు. చంపడం వల్ల సంఖ్య తగ్గదని, ఖాళీ అయిన చోటికి పక్క పేట కుక్కలు వస్తాయని తరువాత తేలింది. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూక్రాస్, విశాఖలో 1996లో మొదలైన జీవకారుణ్య సంస్థ ఆపరేషన్, టీకా, తిరిగి అదే చోట వదలడం అనే పద్ధతిని పట్టుకున్నాయి. 2001లో అదే దేశమంతటికీ నిబంధనైంది, 2023లో దాని స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రతి ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచిత టీకాలు వేస్తారు. తాడుతో తెచ్చే కుక్కకు అది సులువు. చేతికి చిక్కని ఊరకుక్కను తెచ్చేవారు అరుదు.

జాతుల మీద భయం ఇటీవలిది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతులు ప్రమాదకరమని వాటి అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు రాసింది. సంబంధితులను సంప్రదించకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. మరోవైపు 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి చంపినవి ఏ నిషేధిత జాతీ కాదు, వీధికుక్కలు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలను షెల్టర్లకు తరలించమని ఆదేశించి, పదకొండు రోజులకే ఆ తీర్పును సడలించింది.

2001 నిబంధనలు కుక్కలను రెండుగా విడదీశాయి: పెంపుడు కుక్కలు, వీధికుక్కలు. మొదటివాటి టీకా, ఆపరేషన్, లైసెన్సు, ఈతల అదుపు యజమాని పూచీ. రెండోవాటిని స్థానిక సంస్థలు, జంతు సంక్షేమ సంఘాలు చూసుకోవాలి. డెల్టా పల్లెల్లో ఒక ఇంట అన్నం తిని, ఇంకో ఇంటి అరుగు కింద పడుకుని, ఊరంతటికీ కాపలా కాసే కుక్క ఈ రెంటిలో దేనిలోనూ సరిగా ఇమడదు. దానికి టీకా వేయించే బాధ్యత అన్నం పెట్టిన ఇంటిదా, పంచాయతీదా అనే ప్రశ్న ప్రతి ఊళ్లోనూ ఇంకా తెగలేదు.