బొమ్మల దండులలో చావులెక్కయు గుండెదిటవును

చదరంగమున బంటు చచ్చినచో బల్లపైనుండి తీసివేయుదురు. చావనిచో నెట్లుండెనో యట్లేయుండును. దానికి గాయము లేదు, అలసట లేదు, ప్రక్కబంటు పడిపోవుట చూచి వెన్నిచ్చుట లేదు. జర్మన్ దేశమందలి బ్రున్స్‌విక్ పట్టణమున హెల్‌విగ్ అను నుపాధ్యాయుడు చదరంగమునే పెంచి, యుద్ధవిద్య నేర్పుటకై 1780లో నొక యాటను కల్పించెను. అందును ఈ లోపము తీరలేదు. దళ మన్నది యుండును, లేదా యుండదు. నిజమైన రణరంగమున సర్వమును ఆ రెంటి నడుమనే జరుగును గదా!

ఆ నడిమి స్థితిని లెక్కకు దెచ్చినవారు ప్రష్యా దేశస్థులగు రైస్‌విట్జులు, తండ్రికొడుకులు. తండ్రి తన యాటను 1812లో రాజునకు సమర్పించెను. సైనికోద్యోగియగు కుమారుడు దానిని సంస్కరించి 1824లో నియమగ్రంథమును ప్రకటించెను. అందు గళ్ల బల్లకు బదులు దేశపటము. ఇరుపక్షములకు ఎఱ్ఱని, నీలపు దిమ్మలు. ఒక్కొక్క వంతు రెండు నిమిషముల కాలమునకు సమము. ఇరువురికి నడుమ మధ్యస్థు డొకడుండి, పాచిక వేసి, పట్టిక చూచి, ఏ దళమున కెంత నష్టమో కాగితముపై వ్రాసికొనుచుండును. దళము కొంచెము కొంచెముగ తరుగును. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. చేరువపోరున ఓడినది కేవలము వెనుకకు నెట్టబడినదా, పరాజితమైనదా, పూర్తిగ చెదరినదా యని తేల్చి, దానినిబట్టి కొన్ని వంతులవరకు ఆ దళము పోరాటమునకు పనికిరాదని విధించిరి. మనుష్యులు బ్రదికియే యున్నారు. దళము మాత్రము లేదు. ధైర్యమునకు పద్దు తెఱచిన దిచ్చటనే యని మేము తలంచెదము.

సేనాని మ్యూఫ్లింగు ఈ యాటను మెచ్చి సైన్యమునకు సిఫారసు చేసెను. కాని కుమారుడు 1827లో తన ప్రాణము తానే తీసికొనెను. దళముల కుంగుబాటును పట్టికలలో కెక్కించినవాని కుంగుబాటును ఎవరును లెక్కింపలేదు కాబోలు! 1876లో వెర్డి డు వెర్న్వా పట్టికలను ప్రక్కకునెట్టి, అనుభవశాలియగు మధ్యస్థుని నిర్ణయమే చాలునని వాదించెను.

ఆట యిండ్లలోనికి వచ్చుటకు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు ముఖ్యకారకుడు. 1913లో వెలువడిన ఆయన 'లిటిల్ వార్స్' శీర్షికయందే, బాలుర యాటలను మెచ్చు తెలివిగల బాలికలకును తావిచ్చెను. ఆ మాటలోని యెకసక్కెమును మన్నింతము. నేలపై సిపాయి బొమ్మలు నిలిపి, స్ప్రింగు ఫిరంగితో కొయ్యముక్కలను ప్రయోగింతురు, పడినవాడు చచ్చినవాడు. కలియబడినచో మనిషికి మనిషి చొప్పున ఇరువైపుల తీసివేయుదురు. ఈ యాట నాడినవారికి నిజయుద్ధమెంత తెలివిమాలినదో తెలియునని వెల్సు నమ్మెను. మఱుసటి యేటనే, 1914లో, మహాయుద్ధము వచ్చినది. ఆయన యుద్దేశమును మేము గౌరవింతుము. కాని ఆ బొమ్మసిపాయి పాఱిపోవుట యెఱుగడు. చిన్నవాడు నేర్చుకొనునది, సైనికుడు కడవఱకు నిలిచి చచ్చుననియే.

అట్లు జరుగదనుటకు మన చరిత్రమే సాక్షి. 1565లో తళ్లికోట యుద్ధమున రామరాయలు పట్టువడి తల కోల్పోగా, విజయనగర సేన విఱిగి పాఱినది. ఆ సేన నేలకొఱిగినవారి సంఖ్యచేత ఓడలేదు. యుద్ధవార్తలు చదువు గృహస్థులు చచ్చినవారి యంకెను మాత్రమే వెదకుదురు. అది వచ్చువఱకు గెలుపోటములు తేలలేదనుకొందురు.

రెండవ మహాయుద్ధానంతరము ఇంగ్లండున ఈ వినోదము ప్రబలి, 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టన్ గ్రంథము వెలువడినపిదప ధైర్యపరీక్ష సామాన్యమైనది. నష్టము కొంత మేరకు రాగానే పాచిక వేయుదురు. ప్రక్కదళము పాఱిపోయినచో, పార్శ్వమున శత్రువున్నచో కొంత తీసివేయుదురు. నాయకుడు చేరువనున్నచో కొంత కలుపుదురు. ఇందలి చిక్కు లెక్క వ్రాయుటయే. కొందఱు బొమ్మలను తీసి పళ్లెమున పెట్టుదురు, కొందఱు దళము వెనుక చిన్న పాచిక నుంచుదురు, కొందఱు చీటీపై గీతలు గీయుదురు. చీటీ తప్పిన చోట స్నేహితుల కలహము!

1990లో ఇంగ్లండుననే వెలువడిన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్' అను నియమావళి యీ పద్దునే మానివేసినది. దళము వెనుకకు జరుగును, పాఱిపోవును, లేదా నాశమగును. గాయముల లెక్క లేదు. సేనకు పండ్రెండు దళములు. శత్రువుకంటె నెక్కువగ నాలుగు పోగొట్టుకొన్నవా డోడినట్లే. మిగిలిన యెనిమిదియు బల్లపై చెక్కుచెదరక నిలిచియే యుండును.