మూతికి చిక్కం

షాబాద్ పక్క ఊళ్లల్ల పత్తి చేన్ల గుంటుక కొట్టేటప్పుడు ఎద్దుల మూతికి చిక్కం కడతరు, పైరు మేయకుండా. దాన్ని శిక్ష అని ఏ రైతూ అనుకోడు. కుక్క కాడికి వచ్చేసరికి అదే చిక్కం బేడీ అయిపోతది. "మా టైగర్‌కు అదెందుకన్నా, మనిషి లెక్క ఉంటది" అంటరు. చేవెళ్ల రోడ్డు మీద కుక్కల బోర్డింగ్ నడిపేటోణ్ని, ఈ మాట వినుడు అలవాటైంది.

నన్నడిగితే మా దిక్కు ఈ పనికి గిరాకీ తెచ్చింది 111 జీవో. 1996లో వచ్చింది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు నీళ్లొచ్చే 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దన్నరు. షాబాద్ మండలం ఊళ్లు కూడా కొన్ని అందులో ఉన్నయి. అపార్ట్‌మెంట్లు ఆగినయి, ఫామ్‌హౌస్‌లు లేచినయి. ఓనరు శని, ఆదివారాలు వస్తడు. మిగతా రోజులు గేటు కాడ గొలుసు, ఆ గొలుసుకు ఒక రాట్‌వైలర్. మనిషి మొహం చూడక అది మొండిదైతది.

అంతకుముందు మాకు తెలిసినవి మంద కుక్కలు, వాకిట్ల కుక్కలు. పట్టే విద్య ఒక్కటే, కట్టె. భయం అట్లాంటిది మరి. కరిస్తే నారాయణగూడ ఐపీఎం టీకాల కేంద్రానికి పోవాలె, పొట్టల పద్నాలుగు సూదులు పడాలె. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత రేబిస్ టీకా మన దేశంలో 2005 ప్రాంతంలో గానీ పోలేదు. ఇప్పుడు మా దగ్గర పిల్లలు పనిలో చేరకముందే భుజానికి మూడు డోసులు వేయించుకుంటరు.

పట్నం విద్య కూడా మెత్తనిదేం కాదు. బెల్జియంలోని ఘెంట్‌లో 1899లో పోలీసు కుక్కలను పెట్టిండ్రు. 1910లో జర్మన్ పోలీసు అధికారి కొన్రాడ్ మోస్ట్ రాసిన శిక్షణ పుస్తకం నిండా జబర్దస్తీయే. 1947లో రుడాల్ఫ్ షెంకెల్, జూలో బంధించిన తోడేళ్లను చూసి, గుంపుల పెత్తనం కోసం కొట్లాడుకుంటయనే సిద్ధాంతం రాసిండు. దాన్ని 1970లో తన పుస్తకంతో ఊరూరా తిప్పిన డేవిడ్ మెక్ తానే 1999లో, అడవి తోడేళ్ల గుంపంటే తల్లి, తండ్రి, పిల్లలే అని దిద్దుకున్నడు. మన ఫోన్లల్ల కుక్కల శిక్షణ వీడియోలకు ఆ సంగతి ఇంకా అందలేదు. మొయినాబాద్‌లోని పోలీసు ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో మాలినోయిస్ జాతి కుక్కనూ, దాని హ్యాండ్లర్‌నూ జంటగా తయారుచేస్తరు. నేను చూసి నేర్చుకున్నది ఆ జంట కట్టుడే.

చిక్కం తొడిగే పద్ధతి చెప్త. బుట్టలాంటిది కావాలె, లోపల నోరు తెరిచి రొప్పేంత జాగా ఉండాలె. కుక్కకు అరిపాదాలకు తప్ప చెమట పట్టదు, ఎక్కువగా రొప్పితేనే ఒళ్లు చల్లబడతది. గుడ్డపేలికతో మూతి బిగించుడు డాక్టరు సూది వేసే రెండు నిమిషాలకే. మే నెలల అంతకు మించితే ప్రాణం మీదికొస్తది. బుట్ట అడుగున కోడి లివర్ ముక్క పెట్టి పట్టుకుంట, మూతి అదే దూర్చాలె. పట్టీ మొదటి రోజే బిగించ. పక్కకు తిరిగి కూసుంట, కండ్లల్లకు చూడ. ఒళ్లు బిగిసి, తెరిచిన నోరు టక్కున మూసి, కంటి తెల్లగుడ్డు చూపిస్తే ఆ పూటకు చాలు. తోక ఊపింది కదా అని చెయ్యి పెట్టొద్దు. గుర్రుమంటే కొట్టొద్దు, కొడితే గుర్రు మానేసి చెప్పకుండనే కరుస్తది.

ఓనర్లు కుక్కను దింపేటప్పుడు "కరుస్తదా?" అని అడుగుడు మానేసిన, అందరూ లేదంటరు. "తింటున్నప్పుడు గిన్నె కాడికి పోతే ఏం చేస్తది? గోర్లు ఎవరు తీస్తరు?" అని అడుగుత. "గోర్లా? మత్తిస్తేనే" అన్నరంటే ఆ కుక్కకు రెండు గేట్ల గది, పిల్లలను పంపకుండ మొదటి మూడు పూటలు నేనే పోత.