క్రిస్మస్ చెట్టు: సహజం, కృత్రిమం

క్రిస్మస్ పండుగకు ఇంట్లోనో చర్చిలోనో నిలబెట్టి దీపాలతో, బొమ్మలతో అలంకరించే చెట్టును క్రిస్మస్ చెట్టు అంటారు. సంప్రదాయం ప్రకారం ఇది స్ప్రూస్, ఫర్, పైన్ వంటి సూదుల్లాంటి ఆకులున్న సతతహరిత వృక్షం. 19వ శతాబ్దం నుంచి దీనికి బదులుగా కృత్రిమ చెట్లూ వాడుకలోకి వచ్చాయి. అడవిని కాపాడాలన్న వాదం మొదట్లో కృత్రిమ చెట్టుకు బలమైంది. నేడు అదే వాదం ఎక్కువగా సహజమైన చెట్టు పక్షాన వినిపిస్తోంది.

ఆరంభం

ఈ ఆచారం జర్మన్ భాషా ప్రాంతాల్లో రూపుదిద్దుకుంది. చెట్టు నరుకుడు గురించిన బెంగ కూడా ఆచారమంత పాతదే. ఆల్సేస్‌లోని సెలెస్టా పట్టణపు 1521 నాటి జమాఖర్చుల్లో, పండుగ చెట్లకు కాపలా కాసినందుకు అటవీ కావలివారికి నాలుగు షిల్లింగులు చెల్లించిన పద్దు ఉంది. అలంకరణ వివరాలు 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ వర్ణనలో కనిపిస్తాయి: రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్లు, పలుచని అప్పాలు, చక్కెర మిఠాయిలు. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన చిత్రం ఒక లండన్ పత్రికలో అచ్చయ్యాక బ్రిటన్‌లోనూ, ఆపైన అమెరికాలోనూ ఈ ఆచారం మధ్యతరగతి ఇళ్లకు పాకింది.

ఈకల చెట్టు

తొలి కృత్రిమ చెట్లు 19వ శతాబ్దపు జర్మనీలో తయారయ్యాయి. బాతు ఈకలకు ఆకుపచ్చ రంగు అద్ది, తీగకు చుట్టి, ఆ కొమ్మలను కర్ర కాండానికి గుచ్చేవారు. పండుగ కోసం లేత చెట్లను నరికేస్తుండడంతో అడవులు పలచబడటమే వీటి పుట్టుకకు కారణమని చెబుతారు. కొమ్మల మధ్య ఎడం ఎక్కువగా ఉండటం కొవ్వొత్తులు పెట్టడానికి వీలుగా ఉండేది. జర్మన్ వలసదారులతో ఇవి అమెరికా చేరాయి.

తోట చెట్టు

అమెరికాలో చెట్ల వ్యాపారం అడవి నరుకుడుతోనే మొదలైంది. 1851లో మార్క్ కార్ క్యాట్‌స్కిల్ కొండల నుంచి చెట్లను బండ్లపై న్యూయార్క్ తెచ్చి అమ్మాడు. అడవుల సంరక్షకుడిగా పేరొందిన థియొడోర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉన్న 1902లో ఆ కుటుంబం చెట్టు పెట్టుకోలేదు. అయినా ఆయన కొడుకు ఆర్చీ శ్వేతసౌధంలో ఒక చిన్న చెట్టును అల్మరాలో దాచి, పండుగ ఉదయాన అందరికీ చూపించాడు. అప్పటికే పరిష్కారం మరో దారిన మొదలైంది. న్యూజెర్సీలో ఒక రైతు 1901లో 25,000 నార్వే స్ప్రూస్ మొక్కలు నాటాడు. నేడు అమెరికాలో, ఐరోపాలో అమ్ముడయ్యే చెట్లలో అత్యధిక భాగం ఇలాంటి తోటల పంటే. కోతకు రావడానికి సగటున ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఐరోపాకు నార్డ్‌మన్ ఫర్ చెట్లను ఎగుమతి చేసే దేశాల్లో డెన్మార్క్ ముఖ్యమైనది. వాటి విత్తనాలు చాలావరకు జార్జియాలోని రాచా కొండల నుంచి వస్తాయి.

బ్రష్షు, అల్యూమినియం, ప్లాస్టిక్

1930లలో ఆడిస్ బ్రష్ కంపెనీ, మరుగుదొడ్డి బ్రష్షులు చేసే యంత్రాలపైనే ఆకుపచ్చ కుచ్చులతో చెట్లు తయారుచేసింది. 1959లో విస్కాన్సిన్ రాష్ట్రం మానిటోవాక్ పట్టణంలోని అల్యూమినియం స్పెషాల్టీ కంపెనీ ‘ఎవర్‌గ్లీమ్’ పేరిట వెండిరంగు చెట్టును విడుదల చేసింది. ఇది అసలు చెట్టును అనుకరించాలని చూడలేదు. లోహపు కొమ్మలకు కరెంటు బల్బులు కడితే షాక్ కొట్టే ప్రమాదం ఉండేది. అందుకే కింద తిరిగే రంగుల చక్రం ఉన్న దీపం పెట్టి వెలుగు పైకి పడేలా చేసేవారు. 1965 డిసెంబరులో ప్రసారమైన ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ కార్టూన్ ఈ మెరుపు చెట్లను వ్యాపారీకరణకు గుర్తుగా చూపింది. దశాబ్దం ముగిసేసరికి వాటి మోజు తగ్గింది.

తరువాతి కాలం పీవీసీ అనే ప్లాస్టిక్‌ది. పలుచని పీవీసీ రేకును సన్నని పీలికలుగా కోసి, రెండు తీగల మధ్య మెలిపెడితే కొమ్మ తయారవుతుంది. పాత పీవీసీ చెట్లలో ప్లాస్టిక్ చెడకుండా సీసం కలిపేవారు. ఇటీవలి ఖరీదైన రకాల్లో నిజమైన కొమ్మల అచ్చుతో పోతపోసిన పాలిథిలిన్ ఆకులుంటాయి. ఇప్పుడు కృత్రిమ చెట్లలో ఎక్కువ భాగం చైనాలో తయారవుతున్నాయి.

పర్యావరణ చర్చ

బ్రిటన్‌కు చెందిన కార్బన్ ట్రస్ట్ అంచనాలో రెండు మీటర్ల కృత్రిమ చెట్టు కర్బన భారం సుమారు 40 కిలోలు. అంతే ఎత్తున్న సహజ చెట్టును చెత్తకుప్పలో కుళ్లనిస్తే 16 కిలోలు. ముక్కముక్కలుగా తురిమినా, కాల్చినా దాదాపు 3.5 కిలోలే. 2009లో మాంట్రియల్‌కు చెందిన ఎలిప్సోస్ సంస్థ అధ్యయనం, కృత్రిమ చెట్టును సుమారు 20 ఏళ్లు వాడితే తప్ప మేలు కాదని తేల్చింది. అంటే నిర్ణయం పదార్థం మీద కంటే, కృత్రిమ చెట్టును ఎన్నేళ్లు వాడుతున్నారు, సహజ చెట్టు పండుగ తర్వాత ఎక్కడికి పోతోంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండులోని లాంకషైర్ తీరంలో వాడేసిన చెట్లను ఇసుక దిబ్బల్లో పాతి, దిబ్బలు కోసుకుపోకుండా ఆపుతారు. బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో అమ్ముడుపోని చెట్లు ఏనుగులకు మేత అవుతాయి.

తెలుగునాట

స్ప్రూస్, ఫర్ జాతులు ఆంధ్ర, తెలంగాణ వాతావరణంలో పెరగవు. అందువల్ల కోస్తా ఊళ్లలో సరుగుడు కొమ్మనో చిన్న సరుగుడు చెట్టునో తెచ్చి అలంకరించడం వాడుక. సరుగుడులో సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, పచ్చని సన్నని రెమ్మలు. పైగా అది పైన్ కుటుంబానిది కాదు, పూలు పూసే చెట్టు. కలప, వంటచెరకు, కాగితపు గుజ్జు కోసం పెంచే ఈ తోటలు నాలుగైదేళ్లలో కోతకు వస్తాయి. పట్టణాల్లో మడతపెట్టి దాచుకునే ప్లాస్టిక్ చెట్లదే పైచేయి. నర్సరీలు ‘క్రిస్మస్ చెట్టు’ పేరుతో అమ్మేది సాధారణంగా అరకేరియా. దాని స్వస్థలం పసిఫిక్‌లోని నార్‌ఫోక్, న్యూ కాలెడోనియా దీవులు. దాన్ని నరకనక్కర్లేదు. కుండీతో సహా డిసెంబరులో ఇంట్లోకి తెచ్చుకుని, పండుగ అయ్యాక మళ్లీ ఆరుబయట పెడతారు.